మా అక్క తల ఎవరు అతికించారు

అద్దాల కొట్టు, వెనక బల్ల
ఎండలు ముదిరిన నెల, సోమవారం

అక్కా,

నీ ఫోటోకి అన్యాయం జరిగింది. చేసినవాడు ఫోటో కళాసంఘం సెక్రటరీ. పేరు పెట్టి రాయడానికి నాకేమీ భయం లేదు, కాని ఊరంతా ఆయన్ని సెక్రటరీ గారనే పిలుస్తుంది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

నిన్న టౌనుహాల్లో సంఘం వాళ్ళ ప్రదర్శన మొదలైంది. తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. నువ్వు పంపిన ఫోటో ఎలా ఉండాలో నాకు తెలుసు, దాని చిన్న ప్రింటు నా పర్సులోనే ఉంది. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో నువ్వు, నీలం చొక్కా, మోకాళ్ళ మీద చేతులు. మెడ దాకా నువ్వే. మెడ పైన గోడ. నీ తల మాత్రం వెనకాల వంటింటి అర మీద, రెండు గిన్నెల మధ్య, గాజు మూత కింద ఉంటుంది. కళ్ళు తెరిచే ఉంటాయి. మూత లోపల ఆవిరి పట్టి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు ఫోటో తిరగేసి పెట్టేశాను. ఆ తర్వాతే, నువ్వు గోడవైపు తిరిగి పడుకున్న ఆ నెలల్లో నీకేమైందో నాకు కాస్త తెలిసింది.

హాల్లో గోడ మీద ఏముందో తెలుసా? అర మీద గిన్నెలు రెండే. తల నీ మెడ మీద ఉంది. కత్తిరించి, తెచ్చి, అతికించారు. ఆవిరి తుడిచారు. పెదవుల చివరలు కాస్త పైకి లాగారు. కింద చీటీ మీద "ప్రశాంతత" అని పేరు. దాని పక్కన "ప్రోత్సాహక బహుమతి" అని ఎర్ర రిబ్బను.

సెక్రటరీని నిలదీశాను. ఆయన తడబడలేదు సరికదా, భుజం తట్టాడు. "మీ అక్క నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. ఫోటో పంపితే తల ఊడిపోయి వచ్చింది బాబూ, ప్రింటులో ఏదో పొరపాటు. కూర్చుని సరిచేశాను. ప్రైజు కూడా వచ్చింది, చూశావా?" అన్నాడు. ఇంకా నేను థాంక్స్ చెబుతానని ఎదురు చూస్తున్నాడు.

నేను చెప్పింది వేరు. రూపం మీద పెత్తనం చేసేవాడు మనిషి మీద పెత్తనం చేసేవాడేనని చెప్పాను. ఇది మా ఎర్ర అట్టల విప్లవం పుస్తకాల్లో ఒకదాంట్లో ఉంది, పదిహేనో పేజీయో ఎంతో. అందరూ తిరిగి చూశారు. వాచ్‌మన్ వచ్చి నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. పాపం ఆయన మా కొట్టు ఖాతాదారే, మెట్ల దాకా సారీ చెబుతూనే వచ్చాడు.

దీన్ని వదిలేది లేదు. కరపత్రం రాస్తున్నాను.

ధిక్కారంతో,
నీ తమ్ముడు


పిన్ని ఇంటి పైగది
శుక్రవారం

ఒరేయ్ అగ్గిపెట్టె,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది. నాకు నవ్వు రావడం ఈ ఇంట్లో వార్త కాబట్టి పిన్ని గరిటెతో సహా పైకి పరుగెత్తుకొచ్చింది.

ఫోన్ చేయకుండా ఉత్తరమే రాశావు, మాట నిలబెట్టుకున్నావు. ఫోన్లో అయితే నేను "ఊఁ" అనేలోపు నువ్వు మూడు పేరాలు దాటిపోతావు. ఉత్తరమైతే నిన్ను మడిచి పక్కన పెట్టుకోవచ్చు, ఓపికున్నప్పుడు విప్పుకోవచ్చు.

సెక్రటరీ గారి మీద నాకు కోపం రాలేదనను. కాని ఆశ్చర్యం రాలేదు. ఆయన స్టూడియోలో నేను చేసిన పనే అది కదరా. మొటిమలు తీశాను, కళ్ళ కింద నలుపు తీశాను, ఒక పెళ్ళికొడుకుకి మెడ కూడా పెట్టాను. వచ్చినవాళ్ళని వచ్చినట్టు పంపితే స్టూడియోకి చెడ్డపేరని ఆయన నేర్పారు. ఆ తర్వాత నా మొహానికి నేనే ఆ పని చేసుకోవడం అలవాటైపోయింది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ "ఎలా ఉంది?" అంటే "బాగానే ఉందండీ" అనేదాన్ని. ఆవిడ రాసుకునేది. నేను ఇంటికొచ్చి గోడవైపు తిరిగేదాన్ని.

ఒకరోజు చెప్పడానికి నోరు రాక ఈ ఫోటో తీశాను. గోడరంగు గుడ్డ తలకి చుట్టుకుని కుర్చీలో ఒకసారి, ఒళ్ళంతా తెర వెనక దాచుకుని, తలకి గాజు మూత బోర్లించుకుని అర దగ్గర ఇంకోసారి. కెమెరా కదపకుండా రెండూ తీసి కలిపాను. తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను. ఆవిడ బాగుంది అనలేదు. దగ్గరికి తీసుకుని చూసి, "ఈ మూత ఎవరు పెట్టారు?" అంది. నేనే అన్నాను. "తీయడానికి మీ చెయ్యి అందుతుందా?" అంది. అప్పుడు చూశాను. చేతులు కిటికీ దగ్గర, తల అవతలి గోడకి. అందదు. నేనే అమర్చిన ఫోటోలో ఆ సంగతి నాకే తెలియలేదు. అక్కడే ఏడ్చాను.

తర్వాతి ఫోటోలో కుర్చీ కాస్త వెనక్కి జరిపాను. ఇప్పుడు నా వైద్యం అంటే ఇదే. మాత్రలు వేసుకోవడం, కుర్చీ జరపడం.

కాబట్టి నువ్వేమీ చేయకు. నిజంగా చెబుతున్నాను. ఒక్క సంగతి మాత్రం అడుగుతాను. బహుమతి కాగితంతో పాటు సంఘం వాళ్ళు చిన్న పుస్తకం పంపారు. చివరి పేజీలో ఫోటోలన్నిటికీ గాజు వేసినందుకు మీ కొట్టుకి కృతజ్ఞతలు చెప్పారు. మీ కొట్టులో గాజు వేసేది నువ్వూ మేస్త్రీ కదా. మేస్త్రీకి చెయ్యి నొప్పని అంతకుముందు ఉత్తరంలో నువ్వే రాశావు. మరి నా ఫోటోకి గాజు వేసింది ఎవరు?

నీ అక్క


అద్దాల కొట్టు
బుధవారం

అక్కా,

నేనే వేశాను.

నువ్వు అడిగేదాకా నాకూ తట్టలేదు. అడిగాక కొట్టు ఖాతా తీసి చూశాను. ఫోటోలు కట్టలుగా వచ్చాయి, రెండు రోజులు వరసగా వేశాను. మా పనిలో మొదటి పాఠం ఒకటుంది: అద్దం మోసేవాడు అంచు చూడాలి, మొహం చూడకూడదు. మొహం చూసుకున్నవాడు గుమ్మానికి కొడతాడు. చేరిన కొత్తలో మేస్త్రీ ఈ పాఠం నా నెత్తిన మొట్టి నేర్పాడు. అందుకే నేను వేసే ప్రతి చట్రానికీ నాలుగు మూలలే చూస్తాను. నీ ఫోటోకి కూడా మూలలు చూశాను. చాలా చక్కగా వచ్చాయి. మధ్యలో ఉన్నది మా అక్క అని చూడలేదు. ఆ అతికించిన తల మీద దుమ్ము పడకుండా సీలు చేసింది ఈ చేతులే.

దీన్నే మా పుస్తకాల్లో శ్రమ పరాయీకరణ అంటారు. చదివినప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అయింది.

అందుకని నా కోపం రెండింతలైంది. కరపత్రం ఆగలేదు, అచ్చయింది. ఒకటి ఈ ఉత్తరంలో పెడుతున్నాను. నీ అసలు ఫోటో మధ్యలో పెద్దగా వేయించాను, పైన "తల తీసే హక్కూ పెట్టే హక్కూ మాదే" అని. కింద నీ కథ: మానసిక వ్యాధితో ఒంటరిగా పోరాడుతున్న ఒక సోదరి గొంతుని కళాసంఘం పెద్దలు ఎలా నొక్కారో రాశాను. హాలు మెట్ల దగ్గర పంచాను. బస్‌స్టాండులో పంచాను. సెక్రటరీ స్టూడియో షట్టరు మీద అతికించాను, నువ్వు చదివిన బడి గోడకి కూడా. జనం నిలబడి చదువుతున్నారక్కా. మీ పాత హెడ్‌మిస్ట్రెస్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

నిన్ను ఊరు మరిచిపోదు ఇక.

విజయం మనదే,
నీ తమ్ముడు


పైగది కింద, వంటింట్లో నుంచి
మంగళవారం

బాబూ,

అక్క రాయడం లేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా రాత నీకు అలవాటు లేదు, నెమ్మదిగా చదువుకో.

నీ కాగితం వచ్చిన రోజు నుంచి అక్క కెమెరాని సంచిలో పెట్టి అటక మీద పెట్టేసింది. పెడితే తింటుంది. పిలిస్తే పలుకుతుంది. అంతకన్నా లేదు. మళ్ళీ గోడవైపే. డాక్టరమ్మ ఇంటికే వచ్చి చూసింది, భయపడొద్దంది. నేను భయపడుతూనే ఉన్నాను, అది వేరే సంగతి.

నీకు అక్కంటే ప్రాణమని నాకు తెలుసు. చిన్నప్పుడు దాన్ని ఎవరో ఏదో అన్నారని వాళ్ళ సైకిలు గాలి తీసి వచ్చావు, ఆ సైకిలు మనదేనని తర్వాత తెలిసింది. అలాంటివాడివి. అందుకే తిట్టాలనుంది గాని చెయ్యి రావడం లేదు.

ఒక్క మాట చెబుతాను. జబ్బు సంగతి ఊరికి చెప్పాలా వద్దా అన్నది దాని మాట. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, అదీ దాని మాటే. నువ్వు ఆ మాట దాని నోట్లోంచి తీసి గోడలకి అతికించావు. ఆ సెక్రటరీ తల పెట్టాడు, నువ్వు చేతికి జెండా ఇచ్చావు. ఇద్దరిలో ఒక్కడైనా దాన్ని అడిగాడా?

ఒంట్లో జాగ్రత్త.

మీ పిన్ని


అద్దాల కొట్టు
వానలు మొదలైన వారం

అక్కా,

తప్పు నాది. దీని కింద ఏ పుస్తకం మాటా రాయను.

నువ్వు జవాబు ఇవ్వాలని రాయడం లేదు. చేసింది చెబుతాను. కరపత్రాలు దొరికినన్ని వెనక్కి తీసుకున్నాను. బస్‌స్టాండు దుకాణాల వాళ్ళని అడిగితే కొందరు పొట్లాలు కట్టేశామన్నారు, కొందరు ఇచ్చారు. మంగలి షాపులో సబ్బు తుడుచుకోవడానికి వాడుతున్నారు, అవి కూడా పట్టుకొచ్చాను. గోడల మీదవి గాజు గీకే బ్లేడుతో గీకాను. బడి గోడ దగ్గర గీకుతుంటే హెడ్‌మిస్ట్రెస్ బయటికి వచ్చి, "అతికించేటప్పుడు ఉన్న హుషారు లేదే" అంది. తలొంచుకుని గీకాను.

ఒకచోట మాత్రం గీకలేకపోయాను. మన సందు చివర బట్టలు కుట్టే ఆవిడ ఉంది కదా, మాట్లాడితే సూదిలాగే మాట్లాడుతుంది. ఆవిడ తన షాపు తలుపుకి ఉన్న కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. నీ రాతలు గీకెయ్యి, నాకక్కర్లేదు, ఫోటో ఉంచు అంది. ఎందుకని అడిగాను. టేపు చుట్టుకుంటూ, "నాది కూడా అలాగే ఉంటుంది కొన్ని రోజులు. నాది పెట్టెలో ఉంటుంది, అంతే తేడా" అంది. నేను రాతలు కత్తిరించి ఫోటో ఉంచాను. నీకు ఇష్టం లేదంటే అదీ తెస్తాను.

ఇంకొకటి. మాటలు ఎన్ని రాసినా కొట్టేస్తున్నాను, అందుకని నువ్వు చేసిన పనే చేసి చూశాను. పక్క కొట్టులో కెమెరా అడిగి తెచ్చి, బల్ల మీద పెట్టి, టైమరు నొక్కి, నిలువెత్తు అద్దం ఒకటి ఎత్తుకుని నిలబడ్డాను. అద్దం ముందువైపు కెమెరాకి, అందులో కెమెరా పడకుండా కాస్త పక్కకి తిప్పి. ఫోటో ఇందులో పెడుతున్నాను. అద్దం పైన నేను లేను, పక్కన లేను. కింద రెండు చెప్పులు, అంచుల దగ్గర వేళ్ళు. మధ్యలో నేనుండాల్సిన చోట ఎదురుగోడ ఉంది. ఖాళీ గోడ.

నాకు అది చూస్తే భయమేసింది. నువ్వు మంచం మీద ఉన్న రోజుల్లో నేను నీ గదిలో పుస్తకాలు పైకి చదివేవాణ్ణి, గుర్తుందా? నీకోసం అనుకున్నావేమో. ఆ గదిలో సద్దు లేకపోతే నాకు ఊపిరి ఆడేది కాదు. నువ్వు వెళ్ళాక కూడా అరుస్తూనే ఉన్నాను. అరవడం ఆపితే లోపల ఏముందో నాకు తెలియదు. ఫోటో చూస్తే గోడ ఉన్నట్టుంది.

నీ తమ్ముడు


పైగది
వానలు తెరిపిచ్చిన రోజు

ఒరేయ్,

పిన్ని నీ ఫోటో తెచ్చి నా దిండు పక్కన పెట్టి వెళ్ళింది. గోడవైపు తిరిగి ఉన్నాను కాబట్టి ఫోటోలో కూడా గోడే కనిపించింది. రెండు గోడల మధ్య ఇరుక్కుని చివరికి లేచి కూర్చున్నాను.

ముందు తప్పులు చెబుతాను, వృత్తిధర్మం. కెమెరా ఒరిగింది. కుడి పక్క ఎవరిదో టీగ్లాసు వచ్చింది. వెలుగు వెనక నుంచి తీసుకోవాల్సింది. చెప్పులు కడుక్కోవాల్సింది.

ఇప్పుడు ఫోటో. గోడ బాగానే ఉంది, కాని నువ్వు గోడనే చూస్తున్నావు. వేళ్ళు చూడు. అంచుని ఎంత గట్టిగా పట్టుకున్నావంటే గోళ్ళు తెల్లబడ్డాయి. లోపల ఏమీ లేనివాడు అంత గట్టిగా పట్టుకోడు. డాక్టరమ్మ నన్ను అడిగినట్టు నేను నిన్ను ఒకటి అడుగుతాను. అంత అద్దం ఒక్కడివే ఎందుకు ఎత్తావు? నిలువెత్తు అద్దం ఇద్దరు మోస్తారని నువ్వే చెప్పావు. మేస్త్రీ పక్కనే ఉండి ఉంటాడు. పిలిచావా?

జవాబు రాయనక్కర్లేదు. ఇంకో ఫోటో తియ్యి.

నీమీద కోపం ఉంది. పోయిందని అబద్ధం చెప్పను. ఆ కాగితం మీద "సోదరి" అని చదివినప్పుడు ఎవరో నన్ను సంతలో నిలబెట్టి చెయ్యెత్తి చూపినట్టయింది. కాని కుట్టే ఆవిడ మాట నాలుగైదుసార్లు చదివాను. పెట్టెలో ఉంటుందా. నాకు అర, ఆవిడకి పెట్టె. ఆ ఫోటో ఉండనీ. ఆవిడ తలుపు నుంచి తీయకు.

సెక్రటరీ గారికి నేనే ఒక కాగితం రాశాను. ఇందులో ఉంది. నువ్వు తీసుకెళ్ళి ఆయన చేతికి ఇవ్వు. ఆయన చదువుతున్నంతసేపు నువ్వు నోరు విప్పకూడదు. దగ్గు వస్తే బయటికి వెళ్ళి దగ్గు. అందులో రాసింది ఇంతే: తల ఊడిపోలేదు, నేనే తీశాను. ఆ రోజుల్లో నేను అలా ఉన్నాను. మీరు నేర్పిన చేత్తోనే తీశాను, అందుకని మీరే దాన్ని ఉన్నదున్నట్టు గోడకి పెట్టాలని నా కోరిక. మీరు తల అతికించింది నా ఫోటో కాదు, బహుమతి వెనక్కి తీసుకోండి.

కెమెరా అటక మీద నుంచి దింపాను. పిన్ని స్టూలు పట్టుకుంది, నేను ఎక్కాను.

నీ అక్క


అద్దాల కొట్టు
ఆదివారం మధ్యాహ్నం

అక్కా,

ఇచ్చాను. మాట్లాడలేదు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాను, ఇంకా నొప్పిగా ఉంది.

ఆయన నీ కాగితం చదివి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చదివారు. కంప్యూటరు దగ్గరికి వెళ్ళి నీ అసలు ఫోటో తెరిచి దాని ముందు కూర్చున్నారు. నేనున్నానని మరిచిపోయినట్టున్నారు. నీ తల ఉన్న చోటుని పెద్దది చేసి, మూత మీద ఆవిరి చూసి, "ఇది నిజం ఆవిరే, తర్వాత వేసింది కాదు. పిల్ల లోపల ఊపిరి వదిలింది" అని తనలో తను అనుకున్నారు. తర్వాత నావైపు తిరిగి, "ఇన్నేళ్ళలో మచ్చ తీయమన్నవాళ్ళే గాని ఉంచమన్నవాళ్ళు లేరు బాబూ. ఉంచమని కూడా అడగొచ్చని నాకు తోచలేదు" అన్నారు. నేను తిట్లు మూటగట్టుకుని వెళ్ళాను, అన్నీ మోసుకుని తిరిగి రావాల్సి వచ్చింది.

కాని ఆయన మనిషి తెలివైనవాడు. నీ ఫోటో పెడతానన్నారు. ఒక్కటే పెట్టనన్నారు. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, అంతలో చెప్పారు: తల లేని బొమ్మ ఒక్కటి పెడితే జనం పిచ్చి అంటారు, పది పెడితే ప్రదర్శన అంటారు. ఇంకో తొమ్మిది పట్టుకురా, హాలు నేను అడిగి ఇప్పిస్తాను అన్నారు.

తొమ్మిది ఎక్కడి నుంచి తేవాలి? మొదట కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి కొలిచినట్టు చూసి, సొంత అక్క సంగతులన్నీ గోడకెక్కించినవాడికి నా సంగతి చెబుతానా అంది. నాది చూపించాను, అద్దం ఎత్తుకున్నది. మర్నాడు షాపు మూసి మా వెనక పెరట్లోకి వచ్చింది. తను కుట్టిన పెద్ద దుప్పటి మెడ నుంచి నేల దాకా పరిచి, దాని అంచులన్నిటికీ జనం చేతులు వేలాడదీసింది. చేతులంటే చొక్కాల చేతులు, కుట్టాల్సినవి, అందరివీ. తను ఆ బరువు కింద నిలబడి ఉంది. పేరేం పెడతావంటే, "ఇంకా ఇవ్వాల్సినవి" అంది.

ఆవిడ వస్తే ఇంకొకరు వచ్చారు. బస్సు కండక్టరు ఖాళీ బస్సులో ప్రతి సీట్లోనూ తనే కూర్చున్నాడు, ఎవరూ ఎవరితో మాట్లాడడం లేదు. హెడ్‌మిస్ట్రెస్ నల్లబల్ల మీద సుద్దతో తన ఆకారం గీసి, తడిబట్టతో సగం చెరిపి, ఆ సగం పక్కన నిలబడింది. మా మేస్త్రీ మొదట వెక్కిరించాడు. నీకు నేను చెప్పిన పాఠం ఏంట్రా, నువ్వు చేసే పనేంట్రా, మొహాలు చూడ్డం మొదలెడితే కొట్టులో ఒక్క అద్దం మిగలదు అన్నాడు. నువ్వు చెప్పినట్టు రెండో ఫోటోకి ఆయన్ని పిలిచాను. అద్దం ఆ చివర పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు. టైమరు మోగుతుండగా, "నీకు బరువుగా ఉంటే చెప్పచ్చు కదరా, నేనేమన్నా గోడనా" అన్నాడు. ఫోటోలో ఆయన మొహం కోపంగా, నాది ఏడుస్తున్నట్టు వచ్చాయి. ఇది నా ఫోటోల్లో మొదటిసారి మొహం రావడం.

పేరూ పనీ చెప్పొద్దని ఇంకో ముగ్గురు ఇచ్చి వెళ్ళారు, వాటితో ఇప్పటికి ఎనిమిదయ్యాయి. నిన్న సెక్రటరీ గారు స్టూడియో గుమ్మం దగ్గర నన్ను ఆపి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, తొమ్మిదోది తను తీసుకోవచ్చా అని అడిగారు. సరిచేయకుండా ఉండగలరా అన్నాను. ప్రయత్నిస్తానన్నారు.

అడగాల్సింది చివరికి మిగిల్చాను. నీ ఫోటో ఒక్కటే వస్తుందా, నువ్వు కూడా వస్తావా? ఈసారి నేనేమీ అనుకోవడం లేదు. అడుగుతున్నాను.

నీ తమ్ముడు


పైగది
గాలి మారిన వారం

తమ్ముడూ,

నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు రెండు రోజులు నాకూ తెలియలేదు. అదే ఊరు, అదే వీధి. నీ కాగితం చదివిన మొహాలన్నీ అక్కడే ఉంటాయి. "పాపం, ఆ పిల్లే" అనే చూపు నాకు తెలుసు, సెక్రటరీ గారి బ్రష్షు కన్నా నున్నగా తుడిచేస్తుంది మనిషిని. బస్సెక్కి మధ్యలో దిగిపోతానేమోనని కూడా ఉంది.

డాక్టరమ్మని అడిగాను. ఆవిడ వెళ్ళమనలేదు, వద్దనలేదు. ఏముంటే వెళ్ళగలరో రాసుకురమ్మంది. రాసుకున్నాను, నీకు కూడా చెబుతున్నాను. తలుపు పక్కన నాకో కుర్చీ కావాలి. నేను లేచి బయటికి వెళ్తే ఎవరూ వెంట రాకూడదు, నువ్వు ముఖ్యంగా. నన్ను ధైర్యవంతురాలు అని ఎవరూ అనకూడదు. అన్నవాళ్ళని పిన్ని చూసుకుంటుంది.

ఇంకో సంగతి. పాత ఫోటోతో పాటు కొత్తది ఒకటి పంపుతున్నాను. నిన్ననే తీశాను. కుర్చీ ఇప్పుడు అర కిందికి వచ్చేసింది. కూర్చున్న నేను చెయ్యి పైకి చాచాను. వేళ్ళు మూతకి తగిలాయి. తీయలేదు. పిన్ని చూసి, ఇంకాస్త కష్టపడి మూత తీసేసినట్టు కూడా తీయచ్చు కదే, చూసేవాళ్ళకి బాగుంటుంది అంది. తీయచ్చు, నాకు ఒక పూట పని. కాని ఇంకా తీయని మూతని తీసినట్టు చూపిస్తే సెక్రటరీ గారికీ నాకూ తేడా ఏముంది? ఇవాళ్టికి చెయ్యి అందింది. అదే గోడకి పెట్టు.

వస్తాను. శనివారం సాయంత్రం బస్సుకి, పిన్నితో. ఎదురు రావచ్చు, చేతిలో ఏ కాగితమూ లేకుండా.

జనాన్ని పిలవాలి కదా, కరపత్రం నువ్వు లేకుండా ఎలా? అచ్చువేయించు. కాని ఈసారి మాటలు నావి. నా జబ్బు సంగతి నేనే రాశాను, నేను చెప్పాలనుకున్నంత. మిగతావాళ్ళని కూడా అడిగి వాళ్ళు చెప్పమన్నంతే చేర్చు. ఒక్క ఆశ్చర్యార్థకం కూడా పెట్టకు. నీకోసం చివర రెండు వాక్యాలు ఖాళీ వదిలాను. అరవకుండా పిలవడం నీకు వచ్చో రాదో చూస్తాను.

నీ అక్క


అద్దాల కొట్టు
గురువారం

అక్కా,

అచ్చుకి ఇచ్చేముందు మన కండక్టరు చేత్తో నీకు పంపుతున్నాను, తిరుగు బస్సుకే జవాబు ఇవ్వు. నీ మాట ఒక్కటి కూడా మార్చలేదు. అందరి దగ్గరికీ పట్టుకెళ్ళి చదివి వినిపించాను. కుట్టే ఆవిడ ఒక పదం తీసేయమంది, తీశాను. కండక్టరు తన పేరు ఎక్కడా వద్దన్నాడు, ఫోటో కింద చీటీ మీద తన బస్సు నంబరు వేయమన్నాడు. మేస్త్రీ విని, ఇందులో తిట్టు ఒక్కటీ లేదే, మనవాడు రాసిందేనా అన్నాడు. చివరి రెండు వాక్యాలకి నాకు మూడు రోజులు పట్టింది. బాగా లేకపోతే కొట్టెయ్యి, ఏమీ అనుకోను. కుర్చీ తలుపు పక్కన ఇప్పుడే వేసి వచ్చాను, వాచ్‌మన్ దాన్ని ఎవరూ కదపకుండా చూస్తానన్నాడు.

కాగితం ఇది:

"నేను ఈ ఊళ్ళో చదువుకున్నాను, ఈ ఊళ్ళోనే ఫోటోల మీద మచ్చలు తుడిచే పని చేశాను. కొన్ని నెలలు నాకు బాగాలేదు. ఒంట్లో కాదు, మనసులో. ఇప్పటికీ వైద్యం జరుగుతోంది. ఎలా ఉందని అడిగితే చెప్పడం రాక నా ఫోటో నేనే తీసుకున్నాను, నాకు లోపల ఉన్నట్టుగా, అద్దంలో కనిపించినట్టుగా కాదు. నాలాగే ఇంకా కొంతమంది తీసుకున్నారు. మాలో ఒకరు బట్టలు కుడతారు, ఒకరు టిక్కెట్లు కొడతారు, ఒకరు పాఠం చెబుతారు, ఇద్దరు అద్దాలు మోస్తారు, ఒకరు ఫోటోలు సరిచేస్తారు. ఈసారి ఏదీ సరిచేయలేదు. వచ్చి చూడండి. మెచ్చుకోనక్కర్లేదు, జాలిపడనక్కర్లేదు. ఏ ఫోటో ముందైనా ఆగాలనిపిస్తే ఆగండి, పక్కన నిలబడ్డవాళ్ళని అడగాలనిపిస్తే అడగండి. మీ ఫోటో మీరు తీసుకుని తెచ్చినా గోడ మీద చోటుంది, మేకులు మా దగ్గర ఉన్నాయి.

తల మెడ మీదే ఉన్నవాళ్ళూ, ప్రస్తుతానికి వేరేచోట పెట్టుకున్నవాళ్ళూ అందరూ రావాలి. ఈ ఆదివారం ఉదయం పది గంటలకి టౌనుహాలు తలుపులు తెరుస్తాం, మేమంతా లోపలే ఉంటాం."